తొంభై అడుగుల నిమిషం

సినిమాకు కూడా సెమిస్టర్లు, ఇంటర్నల్స్, క్రెడిట్లు వచ్చాయి. ఇంటర్ అవగానే బీకాంలో చేరినంత సులువుగా ఫిల్మ్ మేకింగ్ డిగ్రీలో చేరుతున్నారు. మా మనవరాలూ చేరింది. మొన్న మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయమంటే నాలుగు గంటల ఫుటేజీ పట్టుకొచ్చింది. 'మాయాబజార్' మొత్తం కలిపినా మూడు గంటలే కదే అన్నాను. "ఎడిటింగ్‌లో చూసుకుంటాం తాతయ్యా" అంది.

చూసుకుంటారట! మా రోజుల్లో మద్రాసు కోడంబాకంలో ఆ మాటన్న అసిస్టెంటు మధ్యాహ్నానికల్లా పని ఊడి పాండీబజార్‌లో తేలేవాడు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు తినేది. వెయ్యి అడుగుల డబ్బా పదకొండు నిమిషాలకే ఖాళీ. ఈ పిల్ల లెక్కన 21,600 అడుగులు! ప్రొడ్యూసరు పొలం అమ్ముకోవాల్సిందే. అందుకే కెమెరా తిరగకముందే రిహార్సల్ మీద రిహార్సల్. షాటు ఎక్కడ మొదలై ఎక్కడ తెగాలో డైరెక్టరు ముందే తేల్చుకుని వచ్చేవాడు. షాటు పాడై 'ఎన్జీ' (నాట్ గుడ్) అంటే సెట్టంతా గప్‌చుప్.

ఎడిటింగ్ రూములో చేరిన కొత్తలో నన్ను కత్తెర ముట్టుకోనివ్వలేదు. తెగిన ముక్కల అంచున నంబర్లు చూసి వరసగా వేలాడదీయడం, అడిగిన ముక్క అడిగిన క్షణాన అందించడం, అదే నా సిలబస్. జాయింటు వేయాలంటే ఫిల్ము మీది పూత గీకి, సిమెంటు రాసి, నొక్కిపట్టాలి. అది ఆరేలోగా ఈ కట్ సరైనదేనా అన్న అనుమానం తొలిచేసేది. ఇప్పుడు కంట్రోల్ జెడ్ కొడితే సరి, అనుమానంతో పనేముంది?

పుణె, అడయారు ఇన్‌స్టిట్యూట్ల నుంచి డిప్లొమాతో వచ్చినవాళ్లను చూసి అప్పుడూ చాటుగా నవ్వుకునేవాళ్లం. అసలు డిగ్రీ దేనికే? సింగీతం గారు కె.వి.రెడ్డి గారి దగ్గర అసిస్టెంటుగా నేర్చుకున్నారు, కె.విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియోలో సౌండు చూసుకుంటూ ఎదిగారు అన్నాను. "మీ ఎడిటింగ్ రూములో ఆడపిల్లలు ఎంతమంది తాతయ్యా?" అంది. ఒక్కరూ లేరు. వచ్చి అడిగినా గుమ్మంలోంచే పంపేసేవాళ్లు. కాలేజీ వల్ల అదొక్కటి మారింది, కాదనను.

కానీ ఆ పరీక్షలేమిటి! కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారి వెన్నెల మీద పది మార్కుల ప్రశ్నట. పేజీలకు పేజీలు నింపేసింది. సరే, మన డాబా మీద రాత్రి సీను తీయాలి, మొదటి లైటు ఎక్కడ పెడతావు అని అడిగాను.

"అది నెక్స్ట్ సెమిస్టర్‌లో ఉంది తాతయ్యా."