నేను కొలోన్ నగర చిత్రాన్ని

నేను పుట్టింది 1572లో, జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్‌లో. నా ఒంటి మీద ఉన్నదీ ఆ ఊరే. తలనొప్పికీ జ్వరానికీ మీ పెద్దవాళ్లు రుమాలు మీద చల్లుకున్న ఓడికొలోన్ కూడా అక్కడిదే. కాకపోతే అది నాకంటే నూరేళ్లకు పైగా చిన్నది.

నన్ను విహంగ వీక్షణ చిత్రం అంటారు. నిజానికి ఆ రోజుల్లో గాలిలోకి ఎగిరి ఊరిని చూసిన మనిషే లేడు. ఆర్నాల్డ్ మెర్కేటర్ వీధి వీధీ కొలిచి 1571లో నగర పటం గీశాడు. ప్రపంచ పటాలకు పేరుపడ్డ గెరార్డ్ మెర్కేటర్ కొడుకే ఆయన. ఆ పటం ఆధారంగా ఫ్రాన్స్ హోగెన్‌బర్గ్ అనే ఆయన నన్ను రాగిరేకు మీద చెక్కాడు. చెక్కడమంటే మాటలు కాదు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి రావాలి, అక్షరాలు సైతం తిరగేసి రాయాలి. రేకుకు సిరా పట్టించి పైన తుడిచేస్తే గీతల్లో మాత్రమే సిరా నిలుస్తుంది. గుడ్డపీలికలతో చేసిన కాగితాన్ని తడిపి, రేకు మీద పరిచి, యంత్రంలో బరువుగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. రేకు అంచు దిగిన గుర్తు నా చుట్టూ ఇప్పటికీ ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

నేను చేరిన పుస్తకాన్ని సిద్ధం చేసింది గేయార్గ్ బ్రౌన్ అనే మతాచార్యుడు. 1617 నాటికి అది ఆరు సంపుటాలైంది. ప్రపంచంలోని ఐదు వందలకు పైగా ఊళ్లు అందులో ఉన్నాయి. మన కాలికట్ కూడా నాతోపాటు మొదటి సంపుటంలోనే ఉంది. పటాల ముందుభాగంలో స్థానిక దుస్తుల్లో మనుషుల్ని నిలబెట్టడం ఆ పుస్తకం పద్ధతి. మనుషుల బొమ్మలను తమ మతం ఒప్పుకోదు కాబట్టి తురుష్కులు అలాంటి పటాలను ముట్టుకోరనీ, యుద్ధానికి వాడుకోరనీ బ్రౌన్ ముందుమాటలో రాశాడు.

నాలో మీరు ముందు వెతకాల్సింది పెద్ద చర్చి. 1248లో పునాది పడ్డ ఆ కట్టడం నేను పుట్టేనాటికి సగంలో ఆగిపోయి ఉంది. మొండి గోపురం మీద రాళ్లు ఎత్తే చెక్క క్రేన్ ఒకటి నిలబడి ఉండేది. పనివాళ్లు వెళ్లిపోయినా అది అలాగే ఉండిపోయింది. తరతరాల కొలోన్ వాసులు పుట్టి, పెరిగి, పోయారు గానీ వాళ్లెవరూ క్రేన్ లేని చర్చిని చూడలేదు.

ఆ చర్చిని మళ్లీ లేపడంలో మా బొమ్మల జాతిదే పెద్ద పాత్ర అని గర్వంగా చెప్పుకుంటాను. గోపురాలు ఎలా ఉండాలో మధ్యయుగపు శిల్పులు తోలు కాగితం మీద గీసిన నమూనా రెండు ముక్కలై ఎటో పోయింది. 1814లో ఒక సగం డార్మ్‌స్టాట్‌లో ఒక అటక మీద దొరికింది. రెండేళ్ల తర్వాత రెండో సగం పారిస్‌లో బయటపడింది. ముక్కలు కలిశాయి. 1842లో పని మళ్లీ మొదలైంది, 1868లో క్రేన్ దిగింది, 1880లో 157 మీటర్ల గోపురాలు పూర్తయ్యాయి. ఆ మరుసటి ఏడాదే నాలో అర్ధచంద్రాకారంలో ఉన్న కోటగోడను కూల్చడం మొదలుపెట్టారు. కొన్ని ద్వారాలు మాత్రం మిగిలాయి. 1942 మే 30 రాత్రి వెయ్యికి పైగా విమానాలు ఊరి మీద బాంబుదాడికి బయలుదేరాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి పాత పట్టణం చాలావరకు నేలమట్టం. చర్చి దెబ్బలు తిని కూడా నిలిచింది. గోడ లోపలి ద్రాక్షతోటలు, నది ఒడ్డున ఒరుసుకున్న ఇళ్లు, ఆ ఇరుకు సందులు ఇప్పుడు ఎక్కువగా నాలాంటి కాగితాల మీదే ఉన్నాయి.

నాకు తగిలిన దెబ్బ మాత్రం బాంబుది కాదు. ఒక వ్యాపారి మా సంపుటం కుట్లు విప్పి ఏ ఊరికి ఆ ఊరిని విడిగా అమ్ముకున్నాడు. కాలికట్ ఎవరి ఇంట్లో ఉందో నాకు తెలియదు. నన్ను అట్టకు అతికించి చట్రంలో బిగించారు. నా వెనకవైపు లాటిన్‌లో ఈ ఊరి వర్ణన అచ్చయి ఉంది. దాన్నిక ఎవరూ చదవలేరు. తోటలకు వేసిన రాగి పచ్చరంగు కాగితాన్ని తినేస్తూ వెనక్కి గోధుమరంగు మచ్చలుగా దిగుతోంది. వెనక ఏమవుతోందో చూసేవాళ్లు లేరు.

మీ ఇంట్లోగానీ, మీ ఊరి గ్రంథాలయంలోగానీ పాత పటాల పుస్తకం ఉంటే దయచేసి విడదీయకండి, విడదీసినవాటిని కొనకండి. బొమ్మ కావాలంటే ఫొటో తీసుకుని గోడకు పెట్టుకోండి. పుస్తకాన్ని ఎండ తగలని చోట, కుట్లు చెదరకుండా, మొత్తంగా ఉంచండి.