వినేదొకటి, పెట్టేదొకటి

డిసెంబరు వచ్చిందంటే చాలు, వాట్సాప్ స్టేటస్‌ల నిండా ‘నాకిష్టమైన ఆల్బమ్‌లు’. అన్నిటికంటే పైన మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959. దాని కింద పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, 1973. మనవాళ్లకు అన్యాయం జరగకూడదు కదా, ఓ మూల బాలమురళి. జాజ్, రాక్, కర్ణాటకం... ఒక్క మనిషికి ఎన్ని చెవులో అని చూసినవాళ్లు నోరెళ్లబెట్టాలి.

‘కైండ్ ఆఫ్ బ్లూ’లో సాహిత్యం ఎలా ఉంటుంది సార్ అని అడిగి చూడండి. ‘అబ్బో, గుండె పిండేస్తుందండీ’ అంటాడు. అందులో ఉన్నవి అయిదే ట్రాకులు. అన్నీ వాయిద్యాలే, పాడినవాడు ఒక్కడూ లేడు!

అసలు గుట్టు పాటల యాప్ దగ్గరుంది. ఏడాది పొడవునా ఏం విన్నాడో అది లెక్క తీస్తే మొదటి స్థానం ఐటమ్ సాంగ్‌ది, రెండోది దాని రీమిక్స్‌ది. బాలమురళి గారు వినాయక చవితి నాడు ఒక్కసారి పలకరించి వెళ్లారు. ఈ లెక్క మాత్రం స్టేటస్ ఎక్కదు.

ఎందుకండీ ఈ మొహమాటం? 2023లో ‘నాటు నాటు’ అనే ఊరమాస్ పాటకు ఆస్కారే ఇచ్చారు. మీరు జాబితాలో ఓ చోటివ్వలేరా?