మండువా లోగిలికి ఎండ పూయు విధానం

ముందు ఇల్లు దొరకాలి. ఏలూరు కాలవగట్టున దిగి "ఇక్కడ పాతిల్లు ఎక్కడుందండీ?" అని అడక్కండి. కొనడానికొచ్చారనుకుని బ్రోకరు ఫోన్ నంబరిస్తారు. తలెత్తి పెంకులు వెతుక్కోండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, వరి పండింది, వడ్ల సొమ్ము టేకు స్తంభాలై, మండువాలై, ఊరంతా కూర్చునే అరుగులై నిలబడింది. అలాంటిది కనబడితే ఆలస్యం చేయకండి. వాకిట్లో కంకర కుప్ప పోసి ఉంటే అసలే చేయకండి.

వేళ విషయానికొస్తే, మిట్టమధ్యాహ్నం మేలు. నీడలన్నీ చూరు కింద దాక్కుంటాయి గనక సగం పని ఉండదు. పొద్దున్నే వెళ్తే చూరు నీడ గోడ మీద ఏటవాలుగా పడి ఇంటికి అందం తెస్తుంది గానీ, మీరు కిటికీ ఊచలు లెక్కపెట్టేలోపు జరిగిపోతుంది. ఏడింటి నీడ ఒక పక్క, తొమ్మిదింటి నీడ ఒక పక్క వేశారంటే ఆ ఇంటికి ఇద్దరు సూర్యులు.

నీటిరంగుల బొమ్మకు మూడొందల గ్రాముల కాటన్ కాగితం దండగ. స్కూలు డ్రాయింగు పుస్తకం చాలు. తడి తగలగానే ఉబ్బి, మీ ప్రమేయం లేకుండానే గోడలకు వందేళ్ళ వయసు తెచ్చిపెడుతుంది.

ఇక అసలు కిటుకు. నీటిరంగుల్లో ఎండ అనే రంగు లేదు. రంగు వేయకుండా వదిలేసిన కాగితమే ఎండ. చుట్టూ అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్‌ట్ సియెన్నా కలిపి నీడ వేస్తే, ఏమీ వేయని గోడ దానంతటదే వెలుగుతుంది. అంటే చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. కానీ అరుగు మీద నలుగురు చేరాక ఊరికే ఉండడం ఎవరి తరం?

"ఆయ్, ఇంటిపన్ను వాళ్ళాండీ?"

"కాదండీ, బొమ్మ."

"మరి గోడ ఖాళీగా వదిలేశారేంటండీ? మొన్న పండక్కే సున్నం వేయించాం."

మొహమాటపడండి. పసుపు ముంచి గోడంతా పూసేయండి. మిట్టమధ్యాహ్నమే బొమ్మలో చీకటి పడుతుంది, చూసేవాళ్ళు మాత్రం సంతోషిస్తారు. కాఫీ కూడా వస్తుంది. గ్లాసును నీళ్ళ గ్లాసు పక్కనే పెట్టుకోండి. టేకు రంగు కొనక్కర్లేదు.

"దీనివల్ల ఏవొస్తదండీ?" అని అడుగుతారు, తప్పదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర కూడా నీటిరంగులు వేసేవాడని చెప్పండి. ఆయన చేరదీసిన చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో ముప్ఫై నిండకుండానే పోయినా, రామారావు పేర రాజమండ్రిలో గ్యాలరీ ఉందని చెప్పండి. "ఆ బొమ్మలిప్పుడు ఎంతుంటాయండీ?" అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

తాడేపల్లిగూడెంలో అయితే కొంచెం ఓపిక కావాలి. మీరు గుమ్మం దాకా వచ్చేసరికి ఉల్లిపాయల లారీ వచ్చి ఇంటిముందు ఆగుతుంది. లారీని వేసుకోండి, అది కదలదు. విసుగొస్తే రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. గోడ లేదు, చూరు లేదు, మీకు సరిగ్గా సరిపోయే విషయం.

కొల్లేరుకు మాత్రం ఇళ్ళ కోసం వెళ్ళకండి. లంక గ్రామాలకు వరదతోనే సరిపోయింది, మండువాలు ఎక్కడ నిలుస్తాయి? ఆటపాకలో గూడకొంగలున్నాయి గానీ అవి నిలబడవు. చేపల చెరువుల మీద ఎండ మాత్రం దండిగా దొరుకుతుంది. చుట్టూ నీడ లేనిదే దాన్ని కాగితం మీదికి తేలేరన్నది అక్కడే బాగా తెలుస్తుంది.

చివరగా, బొమ్మ ఇంటాయనకు చూపించి తీరాలి. ఆయన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తారు. వాళ్ళ నాన్నగారు కూర్చునే స్తంభం ఏదో వేలు పెట్టి చూపిస్తారు. తర్వాత అంటారు: "బాగుందండి బాబూ. వచ్చే ఏడు ఇక్కడ ఐదంతస్తులు లేపుతున్నాం. ఆ ఎలివేషను కూడా మీరే గీసిపెట్టండి. కింద షాపులు, పైన ఫ్లాట్లు."

ఒప్పేసుకోండి. దానికి ఎండ అక్కర్లేదు, ముందంతా అద్దాలేనట.