ఎర్ర తోక చెప్పిన సాక్ష్యం

నేను పి-51 మస్టాంగ్‌ని, ఒకే సీటున్న ఫైటర్ విమానాన్ని. ముక్కులో మెర్లిన్ ఇంజను, రెక్కల్లో ఆరు మెషీన్‌గన్లు, రెక్కల కింద అదనపు పెట్రోలు ట్యాంకులు నా ఆస్తి. 1944లో ఇటలీలోని రామితెల్లి స్థావరంలో, నల్లజాతి పైలట్లతో ఏర్పడిన 332వ ఫైటర్ గ్రూపు చేతికి వచ్చాక నా తోకకు ఎర్ర రంగు పూశారు. నా ఒంటికి రంగుంది గాని, నన్ను నడిపేవాడి ఒంటిరంగు చూసే కన్ను నాకు లేదు. సరిగ్గా నడిపితే ఎవరి మాటైనా వింటాను, తప్పు చేస్తే ఎవరినైనా నేలకు కొడతాను. అందుకే ఈ వ్యవహారంలో నా సాక్ష్యానికి విలువుందనుకుంటాను. నేను చెప్పదలచింది ఒక్కటే: నన్ను నడిపిన రాస్కో బ్రౌన్ యుద్ధం తర్వాత అధ్యాపకుడు కావడం దారి మార్చుకోవడం కాదు, గాల్లో మొదలైన వాదాన్ని నేలమీద కొనసాగించడం.

ఆ వాదం ఎవరితోనో చెప్పాలి. 1925లో అమెరికా ఆర్మీ వార్ కాలేజీ ఒక నివేదిక రాసి, నల్లవాళ్లకు తెలివీ ధైర్యమూ తక్కువని తేల్చింది. అప్పటికి ఆ సైన్యం ఒక్క నల్లవాడికీ విమానం నడపడం నేర్పలేదు. బడి గడప తొక్కనివ్వని పిల్లవాడికి అక్షరం అబ్బదని తీర్పు చెప్పడం లాంటిది ఇది. 1941లో అలబామాలోని టస్కెగీలో శిక్షణ మొదలైంది. మొదటి తరగతిలో చేరినవారు 13 మంది, 1942 మార్చిలో పైలట్లుగా బయటికొచ్చినవారు ఐదుగురు. 1946 నాటికి ఆ సంఖ్య తొమ్మిది వందలు దాటింది. మనుషులు మారలేదు, నేర్పే చోటొకటి ఏర్పడింది, అంతే.

1945 మార్చి 24న, టస్కెగీలోనే నేర్చుకున్న బ్రౌన్ బృందం బాంబర్లకు కాపలాగా బెర్లిన్ దాకా వెళ్లింది. ఎదురైన జర్మన్ మెసర్‌స్మిట్ 262 జెట్ విమానం వేగం నాకంటే గంటకు సుమారు 160 కిలోమీటర్లు ఎక్కువ. వెంటపడితే దొరకదు. బ్రౌన్ బాంబర్ల నుంచి పక్కకు తొలగి, కిందికి దిగి, జెట్ పైలట్ చూపు ఆనని దిక్కునుంచి పైకి లేచి కాల్చారు. ఆ రోజు ఈ గ్రూపు మూడు జెట్లను కూల్చింది. వేగాన్ని గెలిచింది నా ఇంజను కాదు, నేర్చుకున్న లెక్క. ఈ గ్రూపు కాపలాలో ఒక్క బాంబరూ శత్రు విమానాలకు చిక్కలేదన్న మాట ఉంది కదా, అది నిజం కాదు. చరిత్రకారుల లెక్కలో 27 బాంబర్లు కూలాయి. అదే వైమానిక దళంలోని మిగతా గ్రూపుల సగటు మాత్రం 46. 1925 నాటి తీర్పును కొట్టేయడానికి కట్టుకథ అక్కర్లేదు, ఈ అంకెలే చాలు.

అసలు ఆక్షేపణ వేరే ఉంది. టస్కెగీకి వెళ్లినవాళ్లు ఏరికోరిన కొద్దిమంది, చాలామంది కాలేజీ చదివినవాళ్లు, వాళ్లను చూపి అందరి గురించీ చెప్పగలమా? న్యాయమైన ప్రశ్నే. యుద్ధరంగం దీనికి జవాబివ్వలేదు. పైగా 1948లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు సైన్యంలో వేరు పంక్తులు వద్దన్నా, పెద్ద విమాన సంస్థలు నల్ల పైలట్లను తీసుకోవడానికి 1960ల దాకా ఆగాయి. పతకాలు తలుపులు తెరవవని దీంతో తేలింది. యుద్ధం ముగిశాక నాలాంటివాటిలో చాలావాటిని తుక్కు చేశారు, బ్రౌన్ మాత్రం 1951లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది అక్కడే పాఠాలు చెప్పారు. 1977 నుంచి 1993 వరకు బ్రాంక్స్ కమ్యూనిటీ కాలేజీకి అధ్యక్షుడిగా ఉన్నారు. అది న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో భాగం. హైస్కూలు పూర్తిచేసిన నగరవాసులెవరికైనా చోటిస్తామని ఆ విశ్వవిద్యాలయం 1970లో తలుపులు తెరిచింది. అందరినీ చేర్చుకుంటే చదువు పలచబడుతుందని అప్పట్లో గట్టిగానే అన్నారు. టస్కెగీ మొదటి తరగతిని మళ్లీ చూడండి: చేరినవారు 13, నెగ్గినవారు ఐదుగురు. తలుపు తెరిచినంత మాత్రాన పరీక్ష తేలికవదు. కఠినత్వం నేర్పాక పెట్టే పరీక్షలో ఉండాలి, చేర్చుకునే గుమ్మంలో కాదు. ఏరికోరిన కొద్దిమంది గెలుపు ఆ నివేదిక తప్పని రుజువు చేయగలదు గాని, దాని వెనకున్న, నేర్పకుండానే తీర్పు చెప్పే అలవాటును మాన్పించలేదు. ఏరకుండా అందరికీ నేర్పే చోట్లు పెరిగినప్పుడే అది పోతుంది. బ్రౌన్ కాక్‌పిట్ వదిలి తరగతి గదిని పట్టుకోవడంలోని తర్కం ఇదే.