మూడు డబ్బాల మర్యాద

బళ్లారి బ్రూస్‌పేటలో కారుకు మర్యాద వెనక నుంచి మొదలవుతుంది. కొత్త బండి సందులోకి రాగానే అరుగు మీది పెద్దలు ఇంజన్ ఎంతని అడగరు, బ్రేకులు ఎట్లాంటివని అడగరు, గుద్దుకుంటే లోపలివాళ్లు మిగులుతారా అన్నది అసలే అడగరు. నిమ్మళంగా లేచి వెనక్కి వెళ్లి, అక్కడ బయటికి పొడుచుకొచ్చిన పెట్టె ఒకటి ఉందా లేదా అని చూస్తారు. ఉంటే "కారు తీసుకుంటిరా, భేష్!" అంటారు. లేకుంటే "చిన్న బండేనా? పోనీలేప్పా, ఊళ్లో తిరగడానికి చాల్లే" అని ఓదారుస్తారు. ఆ ఓదార్పుకు జడిసే ఇక్కడ చాలామంది బ్యాంకులో ఇంకో సంతకం పెట్టి వస్తారు.

ఈ పేట శాస్త్రానికి సూత్రాలు మూడు. డిక్కీ ఉంటే సెడాన్, అంటే ఇంజనుకొకటి, మనుషులకొకటి, సామానుకొకటి చొప్పున మూడు డబ్బాల బండి. సెడాన్ అంటే పెద్ద కారు. పెద్ద కారంటే లోపల జాగా ఎక్కువ. మొదటి సూత్రంతో పేచీ లేదు. తక్కిన రెండూ టేపు పెట్టి కొలవనంతసేపే నిలుస్తాయి.

కొలుద్దాం. 2024లో వచ్చిన కొత్త మారుతి స్విఫ్ట్ పొడవు 3860 మిల్లీమీటర్లు. అదే ఏడు నవంబరులో వచ్చిన దాని డిక్కీ తోబుట్టువు డిజైర్ పొడవు 3995. వెడల్పు రెండింటికీ 1735. నేల నుంచి ఎత్తు రెండింటికీ 163. ఇంజన్ రెండింటికీ అదే 1197 సీసీ, అవే మూడు సిలిండర్లు. ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ దాకా ఉండే దూరం, అంటే వీల్‌బేస్, రెండింటికీ 2450. మనుషులు కూర్చునేది ఈ దూరంలోనే. అక్కడ ఒక్క మిల్లీమీటరు పెరగలేదు. పెరిగిన 135 మిల్లీమీటర్లూ తోక వైపు పోయాయి. వెనక సామాను చోటు మాత్రం 265 లీటర్ల నుంచి 382 లీటర్లకు పెరిగింది. విడుదలనాటి ఎక్స్‌షోరూమ్ ధరలు చూస్తే స్విఫ్ట్ 6.49 లక్షల దగ్గర మొదలైంది, డిజైర్ 6.79 లక్షల దగ్గర. అప్పట్లో ముప్పై వేలు ఎక్కువిచ్చి మనవాళ్లు కొన్నది జానెడైనా లేని రేకు, 117 లీటర్ల చీకటి.

అసలు వేడుక ఇంకా ఉంది. పేటలో "చిన్న బండి" అనిపించుకునే బలేనో పొడవు 3990. డిజైర్ కంటే అయిదే అయిదు మిల్లీమీటర్లు తక్కువ. కానీ వీల్‌బేస్ 2520, అంటే డిజైర్ కంటే 70 ఎక్కువ. హ్యుందాయ్ ఐ20 పొడవు సరిగ్గా డిజైర్ అంతే, 3995. దాని వీల్‌బేస్ 2580, అంటే 130 ఎక్కువ, అయిదంగుళాల పైమాట. వీల్‌బేసే మొత్తం కాళ్ల జాగా కాదు, సీటు ఎక్కడ పెట్టారన్నదీ లెక్కే. అయినా దాన్ని మించిన ఆనవాలు కాగితం మీద ఇంకోటి లేదు. బళ్లారిలో జీన్స్ కుట్టే ఏ టైలర్‌ను అడిగినా ఇందులోని కిటుకు చెబుతాడు: ఇచ్చిన గుడ్డ అంతే అయినప్పుడు జేబు పెద్దది కావాలంటే కాలు పొట్టి చేయాల్సిందే.

మరి గుడ్డ అంతే ఎందుకుంది? దాన్ని గీత గీసి కొలిచి ఇచ్చింది ఢిల్లీ. ఒక గీత గీస్తే ఏమవుతుందో బళ్లారి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1953 అక్టోబరు 1న గీసిన రాష్ట్రాల గీతకు అటు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, ఇటు బళ్లారి మైసూరులో కలిసింది. ఇళ్లలో మాట తెలుగు, దుకాణం మీద బోర్డు కన్నడం. కార్ల గీత 2006 బడ్జెట్‌లో పడింది. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజన్ ఉంటే చిన్న కారు. దానికి ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి దిగింది. అమెరికాలో పర్యావరణ రక్షణ సంస్థ కార్లను తరగతులుగా విడదీసేటప్పుడు లోపల ఎంత చోటుందో కొలుస్తుంది. మన ఖజానా బంపరు నుంచి బంపరు దాకా బయట కొలుస్తుంది. బయట కొలిచే చోట లోపలి మనిషి ఎవరికి పట్టాడు?

ఆ గీత చూసి కంపెనీలు కత్తెర పట్టాయి. గీతకు ముందే, 1998లో ఇండికా తెచ్చినప్పుడు టాటా వాళ్లు చెప్పుకున్నది మారుతి జెన్ అంత బండిలో అంబాసిడర్ అంత లోపలి జాగా ఇస్తామని. డిక్కీ లేకుండానే జాగా ఇవ్వొచ్చని ఈ దేశానికి అప్పుడే చెప్పారన్నమాట. దేశం వినలేదు. 2002లో అదే ఇండికాకు డిక్కీ తగిలించి ఇండిగో అన్నారు. 2008లో ఆ డిక్కీనే కురచ చేసి ఇండిగో సీఎస్‌ను గీత లోపలికి తోశారు. మారుతిదీ అదే దారి. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160. 2012కల్లా 3995కు వచ్చేసింది. 440 లీటర్ల డిక్కీ 316 అయింది. పన్ను కోసం తోక కోసుకున్న బండిని చూసి "అబ్బ, ఏం తోక!" అని మురిసిపోయాం.

"అట్లయితే అసలైన సెడానే కొంటాం" అనే పౌరుషవంతులూ ఉన్నారు. కొనండి. హోండా సిటీ పొడవు 4583, డిక్కీ 506 లీటర్లు. తోక నిండుగా ఉంది, కత్తెర పడలేదు. కాకపోతే వీల్‌బేస్ 2600. ఐ20 కంటే బండి 588 మిల్లీమీటర్లు పొడుగు, చక్రాల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు ఎక్కువ. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 40 శాతం. ఆ మిగతా అర మీటరునూ బ్రూస్‌పేట సందులో ఎక్కడ తిప్పుతారో, ఏ కాలవ మీద నిలుపుతారో అది వాళ్లిష్టం.

ఇక లీటర్ల సంగతి. డిక్కీలో నీళ్లు పోసి కొలవరు. లీటరుకొకటి చొప్పున ఇటుకల్లాంటి దిమ్మెలు పేర్చి లెక్కపెట్టడం యూరప్ నుంచి వచ్చిన పద్ధతి. లీటరు లోపలి చోటు చెబుతుంది గానీ డిక్కీ నోరెంతో చెప్పదు. బళ్లారిలో కత్తిరించిన జీన్స్ గుడ్డ మూటలు కట్టి కుట్టేవాళ్ల ఇళ్లకు చేరవేసే మనిషికి కావలసింది నోరు. 382 లీటర్ల డిక్కీ ముందు ఆ మూట పెట్టి చూడండి: కింద గడప, మీద అద్దం, మధ్యలో ఉండచుట్టినా దూరని మూట. డిజైర్ వెనక సీటు మడత పడదు కాబట్టి మూట ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. స్విఫ్ట్, బలేనో లాంటి హ్యాచ్‌బ్యాక్‌లో వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది, సీటు ముందుకు వాలుతుంది, మూట పడుకుని పోతుంది. సీఎన్‌జీ సిలిండర్ బిగించిన టాక్సీ డిజైర్ కథ ఇంకా బాగుంటుంది: డిక్కీలో సిలిండర్, టాపు మీద తాడు కట్టిన సూట్‌కేసులు, వెనక సీట్లో ఒళ్లో సంచులతో పెళ్లివారు.

జాగాయే దేవుడైతే గుడి కట్టాల్సింది వ్యాగన్ఆర్‌కు. పొడవు 3655, డిజైర్ కంటే 340 మిల్లీమీటర్లు తక్కువ. వెనక సామాను చోటు 341 లీటర్లు, డిజైర్ కంటే 41 మాత్రమే తక్కువ. ఎత్తు 1675, కాబట్టి తలపాగాతో ఎక్కినా తల తగలదు. మోకాళ్ల నొప్పులున్న అవ్వ వంగకుండా ఎక్కి కూర్చుంటుంది. కానీ దాన్ని పెళ్లికొడుకు ఇంటి ముందు నిలపండి చూద్దాం! కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమని 1961లోనే చట్టం వచ్చింది. కాబట్టి ఇక్కడ కట్నం ఎవరూ అడగరు. "మా వాడికి ఏదో ఒక బండి... డిక్కీ ఉన్నదైతే మీకే గౌరవం" అంటారు, అంతే. ఆ గౌరవం పేరుతో 117 లీటర్ల అప్పు పిల్ల తండ్రి నెత్తికెక్కుతుంది. ఆ డిక్కీలో మొదటి ఏడాది తిరిగేది స్టెప్నీ, ఒక గొడుగు, షోరూమ్ వాళ్లు ఇచ్చిన కవరు.

సెడాన్‌కు గుణాలు లేవని ఎవరూ అనలేదు. సామాను మనుషుల నుంచి వేరుగా, కంటికి కనపడకుండా ఉంటుంది. వెనక నుంచి చప్పుడూ కూరగాయల వాసనా లోపలికి రావు. నెలనెలా పెట్టెలేసుకుని బెంగళూరు పోయి వచ్చే ఇంటికి ఆ డిక్కీ దండగ కాదు. అవసరానికి కొంటే అది వస్తువు. అరుగు కోసం కొంటే చుట్టుపక్కలవాళ్ల చూపుకు మనం కట్టే కిస్తీ.

కాబట్టి షోరూమ్‌కు బ్రోచరు చదువుకుని పోకండి, ఇంటిల్లిపాదినీ తీసుకుపొండి. ఇంట్లో పొడుగాటివాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి, వాడి వెనక మీరు కూర్చోండి. మోకాలు సీటుకు తగులుతుందా చూడండి. మధ్యలో అవ్వను కూర్చోబెట్టి పది నిమిషాలు ఆగండి, తీర్పు ఆమే చెబుతుంది. రోజూ మీరు మోసే సామాను ఏదో అది డిక్కీలో పెట్టి తీయండి. అంతా సరిపోతే ఏ ఆకారమైనా కొనండి. పెద్ద కారు కొన్నామన్న భ్రమ మాత్రం ఇంటికి తెచ్చుకోకండి. భారత ప్రభుత్వం లెక్కలో డిజైర్ చిన్న కారే, స్విఫ్టూ చిన్న కారే. రెండింటికీ జీఎస్టీ అదే 18 శాతం.