సబ్జా గ్లాసులో పాపపరిహారం

ఎండలు ముదిరితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో నన్నారి షర్బత్ బండి చుట్టూ జనం మూగుతారు. నన్నారి పాకం, నిమ్మరసం, సోడా, ఐసుముక్కలు, పైన ఒక చెంచా నానిన సబ్జా. ఆ గ్లాసులో సబ్జాకు ఒకటే ఉద్యోగం: గొంతులోకి జారుతూ, పంటికింద చిట్లుతూ, తాగినవాడికి డబ్బులు గిట్టాయనిపించడం.

ఇప్పుడు ఫోను రీళ్లలో దానికి అదనపు బాధ్యతలు అప్పగించారు. పరగడుపున తాగితే పొట్ట కరగాలట. షుగరు దిగాలట. జుట్టు ఒత్తుగా రావాలట. ఒంట్లో వేడి మొత్తం లాగెయ్యాలట. క్షయరోగుల కోసం 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానటోరియం తెరిచిన దొరలకు ఇలాంటి రీలు ఒక్కటి దొరికుంటే ఎంత ఖర్చు మిగిలేదో!

అన్నిటికంటే గొప్ప మహిమ ఫలూదాలో కనిపిస్తుంది. చక్కెర పాలు, సేమ్యా, గులాబీ సిరప్పు, ఆపైన ఐస్‌క్రీము. అంతవరకు అది తీపి తిండి. రెండు చెంచాల సబ్జా పడగానే ‘హెల్తీ’ అయిపోతుంది. పాపమూ ప్రాయశ్చిత్తమూ ఒకే గ్లాసులో; కాశీదాకా పోయే శ్రమ కూడా లేదు.

నిజానికి సబ్జా చేసేది చిన్న పని. నీళ్లలో పడగానే పైపొరలోని జిగురు పీచు నీటిని పట్టుకుని నిమిషాల్లో ఉబ్బుతుంది. ఆ పీచువల్ల కాసేపు కడుపు నిండినట్టుంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది. గింజ ఉబ్బడం మన గ్లాసులో కనిపిస్తుంది. పొట్ట తగ్గడం మాత్రం ఫోనులోనే కనిపిస్తుంది.

ఇంత హడావుడికి మూలం చియా గింజ. పుట్టిల్లు మెక్సికో వైపు. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ చొరవతో కర్ణాటక పొలాల్లోకీ వచ్చింది. కుప్పం పొలిమేర దాటితే కర్ణాటకే కాబట్టి ఆ గాలి ఇటు తిరగడానికి ఎంతోసేపు పట్టదు. ఖరీదైన చుట్టం దిగాక, ఎన్నాళ్లనుంచో షర్బత్‌లో తేలుతున్న సబ్జాకు ‘దేశీ చియా’ అని వరస కలిపారు.

పోనీ ఆ చుట్టమైనా ఏం సాధించింది? 2009లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో అధిక బరువున్నవాళ్లకు రోజుకు 50 గ్రాముల చొప్పున 12 వారాలు చియా ఇచ్చారు. బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక షర్బత్‌లో చెంచాడు సబ్జా, దాని అడుగున గరిటెడు చక్కెర పాకం వేసుకున్నవాడి నడుము ఏ లెక్కన తగ్గుతుందో ఆ రీళ్లు తీసేవాళ్లే చెప్పాలి.

మన ఇంటి సరుకు బయటివాడి నోట పడితే తప్ప మన కంటికి ఆనదు. పుంగనూరు పొట్టి ఆవు అంతరించిపోయే దశకు వచ్చేదాకా అడిగిన నాథుడు లేడు. ఇవాళ దాన్ని లక్షలు పోసి కొని ఫొటోలు దిగుతున్నారు. పొద్దున్నే రాగి అంబలి, మధ్యాహ్నం ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగి ఎండలో పనిచేసే రైతు మాత్రం ఏ రీలులోనూ లేడు. ఆ మజ్జిగను సీసాకెత్తి ‘ప్రోబయోటిక్’ అంటే అదీ కొంటారు.

ఆ లెక్కన మదనపల్లెలో ఇంకో అవకాశం కాచుకుని ఉంది. టమాటా గింజ చుట్టూ కూడా చూడ్డానికి అలాంటి జిగురే ఉంటుంది. ధర పడిపోయిన రోజున రైతు టమాటాలను రోడ్డు పక్కనే పారబోస్తాడు. ఆ గింజలకు ‘దేశీ సబ్జా’ అని పేరు పెట్టి, పరగడుపున రెండు చెంచాలని లేబులు అంటించే మొనగాడు ఇంకా దిగలేదు గానీ, దిగితే మార్కెట్ యార్డులో కిలో రూపాయికి కూడా అమ్ముడుపోని సరుకు బెంగళూరు మాల్‌లో గ్రాముల లెక్కన అమ్ముడవుతుంది.