బావగారి కార్మెన్లు

ఒపేరాలో కార్మెన్‌ని చంపేది ఒక్కడే, డాన్ హోసే అనే సిపాయి. కానీ మా ఇంట్లో ఆవిడ ఇప్పటికి జర్మన్‌లో చచ్చింది, ఇటాలియన్‌లో చచ్చింది, రష్యన్‌లో చచ్చింది, ఇంగ్లీషులోనూ చచ్చింది. ప్రతి చావు తరవాతా మా బావగారు కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, "ఊహూ, ఒరిజినల్‌కి సాటి రాదోయ్" అంటారు. సాటి రాదని రుజువు చెయ్యాలి కదా! వెంటనే ఫ్రెంచిలో మళ్లీ చంపిస్తారు.

బావగారి ఫ్లాట్లో టైల్స్ మారుస్తున్నారు. ఇంతకంటే వివరం అక్కర్లేదు, టైల్స్ పని పెట్టుకున్న చుట్టం ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు దిగే ఉంటాడు. మా చుట్టం మాత్రం సూట్‌కేసుతోపాటు గుప్పిట్లో పట్టే ఒక స్పీకరు తెచ్చారు. అంత చిన్న వస్తువులోంచి సెవిల్ నగరం, ఎద్దులపోటీ, సైన్యం, స్మగ్లర్లు, పిల్లల కోరస్ అన్నీ ఎలా వస్తాయో నాకు తెలీదు. పొద్దున కాఫీ దగ్గర మొదలైతే టిఫిన్ అయ్యేసరికి మూడో అంకం. సొంత తమ్ముడైతే ప్లగ్గు పీకేద్దును. అక్క మొగుడాయె.

"అసలు ఒరిజినల్ అంటే ఏమిటి బావగారూ?" అని ఓ పూట ఉండబట్టలేక అడిగాను. కథ జరిగేది స్పెయిన్‌లో. కార్మెన్ పొగాకు ఫ్యాక్టరీలో చుట్టలు చుట్టే రోమానీ పిల్ల. (ఇక్కడ మాత్రం మా అక్కయ్య చెవి ఇటు పడేసింది. గుంటూరు మనిషి కదా, "వర్జీనియానా, నాటా?" అంది.) హోసేది బాస్క్ ప్రాంతం. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాడు ఈ ఒపేరాలో ఒక్కడూ లేడు. ఈ కథని 1845లో నవలికగా రాసిన మెరిమే ఫ్రెంచివాడు, పాటలు రాసిన మెయ్యాక్, అలేవీలు ఫ్రెంచివాళ్లు, బాణీలు కట్టిన జార్జ్ బిజే ఫ్రెంచివాడే కాక జన్మలో స్పెయిన్ గడప తొక్కనివాడు. అందరూ ఈలవేసే ఆ హబనేరా పాట ఉందే, దాని బాణీ జానపదం అనుకుని వాడుకున్నాడు. తీరా చూస్తే అది ఇరాడియే అనే స్పెయిన్ స్వరకర్త సొంత సొత్తు! హబనేరా అన్న నాట్యమేమో క్యూబాది. క్యూబా దరువు, స్పెయిన్ బాణీ, ఫ్రెంచి మాటలు. మీ ఒరిజినలే డబ్బింగు కదండీ అన్నాను.

"నీకు సంగీతం తెలీదోయ్" అన్నారు బావగారు. వాదనలో ఆయన దగ్గర మిగిలిన ఆఖరి మాట అదే, దానికి జవాబు నా దగ్గర లేదు.

పోనీ రికార్డుల్లోనైనా ఫ్రెంచికి పెద్దపీట దక్కిందా అంటే అదీ లేదు. కార్మెన్ మొదటిసారి ఆసాంతం రికార్డయింది 1908లో, బెర్లిన్‌లో, జర్మన్‌లో. మైకులు లేని రోజులు. గాయకులు ఒక పెద్ద గరాటా ముందు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నిలబడి పాడేవారు. బావగారు దాన్ని పెట్టగానే వచ్చిన బరబరకి వాన అనుకుని మా ఆవిడ డాబా మీది బట్టలకోసం పరిగెత్తింది. ఆ రికార్డులో కార్మెన్‌గా పాడిన ఎమ్మీ డెస్టిన్ జర్మనీ మనిషి కూడా కాదు, చెక్ దేశస్థురాలు.

ఈ డెస్టిన్ గురించి ఒక మాట చెప్పాలి. చెక్ దేశపు 2000 కొరూనాల నోటు మీద ఆవిడ బొమ్మ ఉంది. ఒక గాయని! నోటు మీద! అది విన్న దగ్గర్నుంచి నాకు సంగీతం సంగతి వెనక్కిపోయి నోటు సంగతి పట్టుకుంది. మనకీ ఒక 2000 నోటు ఉండేది. 2016 నవంబరులో గులాబీరంగులో వచ్చింది. దాన్ని తీసుకుని కూరలకి వెళితే అమ్మేవాడు మనల్ని చూసే చూపులో జాలి, అసహ్యం చెరిసగం ఉండేవి. చిల్లర ఎవడిస్తాడు? 2023 మే నెలలో ఆ నోటుని వెనక్కి తీసుకుంటున్నామన్నారు. చట్టప్రకారం చెల్లుతుంది అనీ అన్నారు. చెల్లుతుంది, కానీ వెనక్కిచ్చెయ్యండి. ఇది అర్థమైనవాళ్లు ఒపేరా ఏ భాషలోనైనా అర్థం చేసుకోగలరు. మా ఆవిడ బీరువాలో పట్టుచీర మడతలోంచి మొన్న అలాంటిదొకటి జారిపడింది. అదే మడతలో ఏ గాయని బొమ్మో ఉన్న నోటు దొరికితే కనీసం ఫ్రేము కట్టించుకుందుము. అదే ఏడు ఎన్టీఆర్ బొమ్మతో 100 రూపాయల నాణెం వచ్చిందని అభిమానులు గంతులేశారు గానీ, అది దాచుకునే నాణెం. తీసుకెళ్లి అరకిలో వంకాయలు కొనలేం. చెక్ వాళ్లు మాత్రం ఒక సోప్రానోని జేబులో పెట్టుకుని బజారుకెళ్లి చిల్లర పుచ్చుకుంటున్నారు. ఘంటసాల బొమ్మతో తపాలా బిళ్ల వేశాం, కాదనను. కానీ బిళ్ల వెనక నాలికతో తడిపి అంటించాం. అది గౌరవమా?

ఎక్కడున్నాం? రష్యన్ కార్మెన్ దగ్గరికి రావాలి. 1959లో మాస్కో బల్షోయ్ థియేటర్లో ఇరీనా ఆర్ఖిపోవా కార్మెన్. హోసేగా ఇటలీ నుంచి మారియో డెల్ మొనాకో అతిథిగా వచ్చాడు. ఆవిడ రష్యన్‌లో పాడుతుంది, ఆయన రష్యన్ కాని భాషలో పాడతాడు. ఆఖరి అంకం, ఎద్దులపోటీ జరిగే చోట గేటు బయట. నాతో రా అని ఆయన ఒక భాషలో బతిమాలతాడు. రాను ఫో అని ఆవిడ ఇంకో భాషలో ఉంగరం తీసి విసిరికొడుతుంది. ఒకరి మాట ఒకరికి తెలిసే ఉంటే పెద్దమనుషుల్లో పెట్టుకుని రాజీ పడేవారేమో అని మా అక్కయ్య అభిప్రాయం. నాకు మాత్రం ఇప్పటిదాకా విన్న కార్మెన్లందరిలో ఈ ఆర్ఖిపోవాయే నచ్చింది. చావంటే లెక్కలేని గొంతు అది. ఈ ముక్క బావగారితో అనకండి, మళ్లీ పెడతారు.

అమెరికావాళ్లయితే కార్మెన్‌ని యుద్ధకాలపు అమెరికాకి లాక్కుపోయి, పారాచూట్ ఫ్యాక్టరీలో పనికి కుదిర్చి "కార్మెన్ జోన్స్" అన్నారు. 1954లో సినిమా తీశారు. డోరతీ డాండ్రిడ్జ్ నటిస్తే వెనకనుంచి పాడింది ఇరవయ్యేళ్ల మారిలిన్ హోర్న్. ఇంతవరకూ మనకి అలవాటైన వ్యవహారమే. కానీ హీరో ఎవరు? హారీ బెలాఫాంటే. పాటతో ప్రపంచాన్ని ఊపినవాడు. ఆయనకీ వేరేవాడి చేత పాడించారు! చిత్తూరు నాగయ్యగారికి ప్లేబ్యాక్ పెట్టడం కాదూ ఇది? మనవాళ్లు ఎన్ని చేసినా ఇంత పాపం చెయ్యలేదు.

ఇక అర్థం కావడం అన్న ముచ్చట. లండన్‌లో ఇంగ్లీష్ నేషనల్ ఒపేరా అని ఉంది. ఏ దేశపు ఒపేరా అయినా జనానికి తెలిసేలా ఇంగ్లీషులోనే పాడాలన్నది వాళ్ల పట్టుదల. అదే లండన్లో వాళ్లే 2005 నుంచి వేదిక పైన అక్షరాలు కూడా వేస్తున్నారు. ఏ భాషలో అనుకున్నారు? ఇంగ్లీషులో. ఇంగ్లీషువాళ్లకి, ఇంగ్లీషు పాటకి, ఇంగ్లీషు అక్షరాలు. నవ్వాను గానీ, కచేరీకెళ్లి త్యాగరాజ కీర్తనకి తలూపే తెలుగువాడికి నవ్వే హక్కు ఎంతుందో ఆలోచించాల్సిందే. పాడేవాడు మింగేసినవి పోగా మిగిలిన మాటలతో మనం ఎప్పుడైనా పూర్తి చరణం పోగేశామా?

నిజానికి ఈ వేదిక మీది అక్షరాలే ఎక్కడి భాషలో అక్కడ పాడే పాత పద్ధతిని చంపాయి. 1983లో టొరంటోలో మొదలయ్యాక, గాయకులు ఒక్క భాషలో నేర్చుకుని ఊరూరా పాడుతున్నారు. ప్రేక్షకులు మెడలెత్తి చదువుకుంటున్నారు. అంతకుముందు బెర్లిన్ వాడికి బెర్లిన్ మాటల్లో, మాస్కో వాడికి మాస్కో మాటల్లో ఆ పిల్ల ఎందుకు చచ్చిపోతోందో చెప్పాలని ఎవరో కూర్చుని రాసేవారు. బావగారి స్పీకర్లో బరబరమనేది ఆ తాపత్రయమే.

దాని ఫలం బిజేకి దక్కలేదు. 1875 మార్చి 3న పారిస్‌లో మొదటి ప్రదర్శన. కుటుంబాలతో వచ్చే థియేటర్లో ఇలాంటి ఆడదా అని ముఖాలు చిట్లించారు. మూడు నెలలకి, జూన్ 3న, 36 ఏళ్లకే పోయాడు. అక్టోబరులో వియన్నాలో జర్మన్‌లో వేస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. మాటలుగా ఉన్న చోట్ల స్నేహితుడు గిరో పాటలు కట్టి అతికించాడు. అక్కణ్ణుంచి అది దేశాలు పట్టుకుపోయింది. ఇన్ని భాషల కార్మెన్లలో ఒక్కదాన్నే విన్నది, దాన్ని కట్టినవాడే. అదీ ఈసడింపుల మధ్య.

ఇది చెబితే బావగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత "హంగేరియన్‌లో ఒకటి దొరికిందోయ్" అన్నారు.

కార్మెన్ నిడివి రెండున్నర గంటల పైమాటే. ఏ భాషలో పాడినా ఏమంత తగ్గదు.